కార్తీకంలో నవల, కంప్యూటర్లో పాత ఇల్లు



వనభోజనాల రోజున చాలామంది అడిగారు, "తోడికోడళ్ళిద్దరూ నవల రాస్తున్నారట, పైగా కంప్యూటర్లో ఇల్లు కడుతున్నారట, ఏమిటమ్మా ఆ సంగతి?" అని. పులిహోర వడ్డిస్తూ చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. పోస్టు పెద్దదే. మధ్యాహ్నం అంగడిలో బేరాలు తగ్గాక తీరిగ్గా చదవండి.

ముందు నవల గురించి. అమెరికాలో 1999 జులైలో క్రిస్ బేటీ అనే ఆయన, ఆయన స్నేహితులు కలిసి మొత్తం 21 మంది ఒక పందెం పెట్టుకున్నారు. ఒక్క నెలలో నవల రాయాలి. మరుసటి ఏడాది నుంచి దాన్ని నవంబరుకు మార్చారు. 30 రోజులు, 50,000 మాటలు, అంటే రోజుకు 1,667. బాగుందా లేదా అని ఎవరూ చూడరు, లెక్క పూర్తయితే గెలిచినట్టే. దాన్ని నానోరైమో అన్నారు. తర్వాత్తర్వాత ప్రపంచమంతా పాకింది. సారా గ్రూయెన్ రాసిన 'వాటర్ ఫర్ ఎలిఫెంట్స్' మొదటి ప్రతి ఇలాంటి నవంబరులోనే పుట్టింది.

మనవాళ్ళకు ఇది వింతేమీ కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' అంత పుస్తకాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ తమ్ముడిచేత రాయించారని చెప్పుకుంటారు. అదీ ఒక పోటీ కోసమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన ఆ పోటీలో ఆయనకూ, 'నారాయణరావు' రాసిన అడవి బాపిరాజుగారికీ కలిపి బహుమతి ఇచ్చారు. మేము విశ్వనాథవారి పేరు ఎత్తింది పోల్చుకోవడానికి కాదు. నెల గడువు పెట్టుకుని కూర్చోవడం మన భాషకు కొత్త కాదని చెప్పడానికి, అంతే.

ఇక కంప్యూటర్లో ఇల్లు. సెకండ్ లైఫ్ అని ఒకటుంది. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో మొదలుపెట్టింది. ఆట అంటారు కానీ అందులో గెలుపూ ఓటమీ ఉండవు. మనకో బొమ్మ మనిషి ఉంటాడు. నడవచ్చు, ఎగరవచ్చు, స్థలం తీసుకుని ఏదైనా కట్టుకోవచ్చు. అక్కడి నాణెం లిండెన్ డాలరు. మామూలుగా చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. సొంత స్థలం కావాలంటే రుసుము కట్టాలి. మా స్థలం 1,024 చదరపు మీటర్లు. అందులో 351కి మించి వస్తువులు పట్టవు. గోడ, గుంజ, మెట్టు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. లాక్‌డౌన్‌లో అంగడి మూసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు కాలేజీ చదివే మావాడు మా ఇద్దరికీ ఇది నేర్పించాడు. అప్పుడు సముద్రతీరాల్లో తిరిగాం, బొమ్మ మనుషులకు పట్టుచీరలు కట్టాం. చిక్కపేటవాళ్ళం కదా, చీర అంచు సరిగా కనబడకపోతే మనసొప్పదు. కొన్నాళ్ళకు ఊరికే తిరగడం విసుగనిపించి పాత ఇల్లు కట్టడం మొదలుపెట్టాం.

ఆ ఇల్లు మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. కింద అంగడి, వెనక తొట్టి, చుట్టూ నాలుగు గదులు, పైన అటక. 2009లో పంపకాలు అయ్యాక దాన్ని కొట్టేసి నాలుగంతస్తుల బట్టల కాంప్లెక్సు కట్టారు. పేటలో ఇది ఇంటింటి కథే, ఎవరినీ అనడానికి లేదు. 1537లో కెంపేగౌడ కట్టిన పేట ఇది. దొడ్డపేట, చిక్కపేట కలిసే చోటి నుంచి నాలుగు దిక్కులకూ ఎద్దులతో దున్నించి వీధులు వేశారని కథ చెబుతారు. వీధులు ఇంకా ఆ గీతల మీదే ఉన్నాయి. ఆ వీధుల్లో మనుషులు కాపురమున్న ఇళ్ళే తగ్గిపోతున్నాయి. అంగళ్ళున్నాయి, గోడౌన్లున్నాయి, 2017 నుంచి మెట్రో స్టేషనూ ఉంది. రాత్రి తొమ్మిది దాటితే దీపం వెలిగే కిటికీలు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ నవంబరులో రెండు పనులూ ఒకేసారి ఎందుకు పెట్టుకున్నామంటే కారణం మా అత్తగారు. ఆమెకు 82 ఏళ్ళు. 1961లో హిందూపురం నుంచి కోడలిగా ఆ ఇంటికి వచ్చారు. ఇప్పుడు పొద్దున టిఫిన్ తిన్నానా లేదా అని మధ్యాహ్నం అడుగుతున్నారు. డాక్టరు వయసు అన్నారు. ఇక వచ్చే ఏడాది చూద్దాం అనడానికి లేదు.

నానోరైమో నడిపే సంస్థ 2025 మార్చి 31న మూసేస్తున్నామని ప్రకటించింది. కాబట్టి ఈసారి మాటలు లెక్కపెట్టే సైటు లేదు, గెలిస్తే ఇచ్చే సర్టిఫికెట్టూ లేదు. నెలా, లెక్కా మిగిలాయి. మాకు కావలసినవి ఆ రెండే.

లెక్క దగ్గర మొదటి చిక్కు వచ్చింది. 50,000 అన్నది ఇంగ్లిషు లెక్క. 'రాయలేకపోతున్నాను' అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లిషులో నాలుగైదు. 'అంగడిలోనుంచి' ఒక్కటి, వాళ్ళకు మూడు. మేము రాసిన పేజీలు కొన్ని తీసుకుని ఇంగ్లిషులో చెప్పి చూస్తే, మన 100 మాటలు వాళ్ళకు 155 దాకా తేలాయి. అందుకని లక్ష్యం 32,000 మాటలు అనుకున్నాం. రోజుకు 1,067. మాలో పెద్దావిడ చేత్తో నోటుబుక్కులో రాస్తుంది, చిన్నావిడ ఫోనులో టైపు చేస్తుంది. రాత్రి రెండూ కూడి గోడ క్యాలెండరు మీద అంకె వేసేవాళ్ళం.

రెండో చిక్కు సమయం. ఈసారి నవంబరు 20 దాకా కార్తీకం. ఆపైన నెలాఖరులో మూఢం వస్తోందని పెళ్ళివాళ్ళంతా ముందే ఎగబడ్డారు. అంగడిలో మధ్యాహ్నం భోజనానికి కూర్చునే తీరిక కూడా లేదు. 9న వనభోజనాలు, 17న ఆఖరి సోమవారం, బసవనగుడిలో కడలెకాయి పరిషె. అయితే ఆ కార్తీకమే మాకు దారీ చూపించింది. తెల్లవారుజామున ఐదు గంటలకు దీపం పెట్టడానికి ఎలాగూ లేస్తాం. దీపం పెట్టాక ఆరున్నర దాకా ఇంట్లో ఎవరికీ మాతో పని ఉండదు. నవల ఆ గంటన్నరలో నడిచింది.

సెకండ్ లైఫ్‌కు గట్టి కట్టుబాటు పెట్టుకున్నాం. ఆ రోజు అంకె పడితేనే తెరవాలి. వారానికి రెండు రాత్రులు, ఆదివారం పొద్దున. ఒక వారానికి ఒక గది. ఎందుకంటే అది సమయాన్ని తినే చోటు. తలుపుకు ఏ రంగు అని మొదలుపెడితే గంట పోతుంది. ఎక్కడో బ్రెజిల్ నుంచి ఒకావిడ వచ్చి మీ ఇంటి గుంజలు బాగున్నాయంటుంది, మర్యాదకు మాట్లాడాలి కదా. అక్కడి గడియారం అమెరికా పశ్చిమతీరానిది. వాళ్ళకు మధ్యాహ్నం పన్నెండంటే నవంబరులో మనకు రాత్రి ఒకటిన్నర. అక్కడ జరిగే కూడికలకు వెళ్ళాలన్న ఆశ మొదటే వదులుకున్నాం.

మా ఇంటి మగవాళ్ళ మాట కూడా చెప్పాలి. "ఒకరు లేని ఇల్లు కడుతున్నారు, ఒకరు లేని మనుషుల కథ రాస్తున్నారు, భోజనం మాత్రం ఉన్న ఇంట్లో పెట్టండి" అన్నారు. పెట్టాం. పది రోజులకు వాళ్ళే, "పాత గల్లాపెట్టె కింద గోధుమరంగు చాప ఉండేది, వేశారా?" అని అడగడం మొదలుపెట్టారు.

అసలు సంగతి ఇక్కడుంది. నవలకు కథ కావాలని అత్తగారి దగ్గర కూర్చుని, "అత్తా, పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎలా ఉండేది చెప్పండి" అంటే, "ఏముందమ్మా చెప్పడానికి, వండాము, తిన్నాము, పిల్లల్ని పెంచాము" అనేవారు. మూడు రోజులు అడిగినా అదే మాట. నాలుగో రోజు రాత్రి ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తొట్టి చూపించాం. చూడగానే, "మెట్లు అటు కాదు, ఎడమవైపు" అన్నారు. ఎందుకంత గట్టిగా చెబుతున్నారని అడిగాం. "కుడివైపుంటే మీ మామగారు దిగి వచ్చేది వంటింట్లోంచి ఎట్లా కనబడుతుంది? ఆయన దిగే తీరు చూసి కాఫీ పెట్టాలా, మాట్లాడకుండా ఉండాలా అని తెలుసుకునేదాన్ని" అన్నారు. తర్వాత నలభై నిమిషాలు ఆగకుండా చెప్పారు. నష్టం వచ్చిన ఏడాది, అటక మీద దాచిన పట్టు బేళ్ళు, పురిటికి హిందూపురం వెళ్ళి మూడు నెలలు తిరిగి రాకపోవడం. ఆ మూడు నెలల సంగతి మా భర్తలకే తెలియదు.

టిఫిన్ తిన్నది గుర్తుండని మనిషికి మెట్లు ఏ పక్కో గుర్తుంది. ఆమె దగ్గర కథ కథలాగా లేదు, చోటుగా ఉంది. చోటు చూపిస్తే కథ వస్తోంది. అప్పటినుంచి రాత్రి ఒక గది చూపించడం, ఆమె దిద్దడం, తెల్లవారి ఆ మాటలు రాయడం. మొదటి వారం మా సొంత ఊహతో రాసిన పేజీలకూ తర్వాతివాటికీ తేడా మాకే తెలిసింది.

ఆమె మాటలు ఎలా రాయాలన్నది ఇంకో చర్చ. మన పేట తెలుగులో కన్నడం కలిసే ఉంటుంది. ఆమె అరుగు అనరు, జగలి అంటారు. స్నానాల గది అనరు, బచ్చలిల్లు అంటారు. గుంటూరు చుట్టాలు చదివితే బచ్చలికూర పెంచే గది అనుకుంటారేమో. అయినా ఆమె అన్నట్టే రాశాం. అర్థం తెలియనివాళ్ళు అడిగి తెలుసుకుంటారు.

నెల సగం గడిచాక మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. చిన్నావిడ, "ఇల్లు ఆపేద్దాం" అంది. నెలనెలా డబ్బు కట్టినంతకాలమే అది ఉంటుంది. పాతికేళ్ళు నడిచిన నవలల సంస్థే మూతపడింది, ఈ కంపెనీ ఎప్పటికీ ఉంటుందని ఏమిటి నమ్మకం, నోటుబుక్కయితే బీరువాలో ఉంటుంది అని ఆమె మాట. పెద్దావిడ ఒప్పుకోలేదు. "బీరువాలో ఉంటుంది సరే, ఎవరు చదువుతారు? మన పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లిషు, హిందీ చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, అక్షరం రాదు. ఇల్లయితే అక్షరం రాకపోయినా లోపలికి వస్తారు" అంది. రెండూ నిజమే కాబట్టి రెండురోజులు ఎవరూ నెగ్గలేదు. ఆ రెండురోజులూ క్యాలెండరు మీద అంకె మాత్రం పడింది.

దారి పిల్లల వల్లే దొరికింది. సెకండ్ లైఫ్‌లో గొంతుతోనూ మాట్లాడుకోవచ్చు. 23వ తేదీ ఆదివారం పొద్దున ఏడున్నరకు, డాలస్‌లో ఉన్న మా ఆడబిడ్డ పిల్లలకు శనివారం రాత్రి ఎనిమిది. వాళ్ళిద్దరూ బొమ్మ మనుషులై తొట్టిలోకి వచ్చారు. ఒకమ్మాయి వచ్చీరాగానే అటక మీదకి ఎగిరి కూర్చుంది. మేము మెట్ల అధ్యాయం పైకి చదివాం. ఆ అమ్మాయి మధ్యలో ఆపి, "అమ్మమ్మ నిలబడింది ఎక్కడ?" అని అడిగింది. మా వెనక కుర్చీలో కూర్చున్న అత్తగారే జవాబు చెప్పారు, "వంటింటి గడప దగ్గర, పొయ్యికి ఇటు పక్క." ఆ పిల్ల అటక మీదనుంచి దిగి వెళ్ళి సరిగ్గా అక్కడ నిలబడింది. "అవును, మెట్లు కనబడుతున్నాయి" అంది.

అప్పటినుంచి వాదన లేదు. నవల రాయాలి, ఇంట్లో నిలబడి పైకి చదవాలి. దాన్ని ఫోనులో రికార్డు చేసి పెడుతున్నాం. ఒకవేళ రేపు ఆ ఇల్లు తెరమీద లేకుండా పోయినా గొంతులు ఉంటాయి.

నవంబరు 30 రాత్రి మా అంకె 29,640. మిగిలినది డిసెంబరు 4, పౌర్ణమి నాటికి పూర్తయింది. కథ ఇంకా పూర్తి కాలేదు. 1983 దాకా వచ్చాం. ఇంట్లో 351 వస్తువుల్లో 338 అయిపోయాయి. మిగిలిన 13లో ఏం పెట్టాలో అత్తగారే నిర్ణయిస్తారు. ఒకటి ఇత్తడి గంగాళం అని ముందే చెప్పేశారు.

మీలో ఎవరికైనా ఇలా మొదలుపెట్టాలని ఉంటే మా అనుభవం ఇది. పెద్దవాళ్ళను కథ చెప్పమని అడగకండి. ఒక కాగితం మీద పాత ఇల్లు గీసి చూపించండి, కంప్యూటరే అక్కర్లేదు. వాళ్ళు దిద్దుతారు, దిద్దుతూ చెబుతారు. చెప్పింది మర్నాడు పొద్దున్నే రాసేయండి. రోజుకు ఇంత అని అంకె పెట్టుకోండి, చిన్నదైనా సరే. కంప్యూటర్లో చూడాలనుకునేవాళ్ళు ఆదివారాలు అంగళ్ళు మూసి ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం మా ఇంటికి రండి, కూర్చోబెట్టి చూపిస్తాం.

చివరగా ఒక సాయం కావాలి. 1960లు, 70లలో మన వీధి ఫొటోలు, పెళ్ళి ఊరేగింపువైనా సరే, వెనకాల ఇళ్ళు కనబడేవి ఉంటే పంపండి. స్కాను చేసి భద్రంగా తిరిగి ఇస్తాం. ఇంకొకటి, వీధి కొళాయి దర్జీ అంగడి ముందు ఉండేదా, ఎదురుగా ఉండేదా? అత్తగారు ఒకటి అంటున్నారు, వాళ్ళ మరిది ఇంకొకటి అంటున్నారు. గుర్తున్నవాళ్ళు కింద రాయండి. తేలేదాకా కొళాయి పెట్టకుండా ఆపాం.