నిశ్శబ్దానికి ఖర్చు లేదు

భయానక చిత్రాల మీద నాకు మొదటినుంచీ మోజు లేదు. విఠలాచార్య దయ్యాలను చూసి నవ్వుకుంటూ పెరిగినవాణ్ణి. అయినా ఒక్క చిత్రాన్ని మాత్రం ఏడాదికొకసారైనా, అందరూ నిద్రపోయాక ఒంటరిగా చూస్తుంటాను. అది 1962లో వచ్చిన 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' అనే నలుపు తెలుపు అమెరికన్ చిత్రం. కథ ముందే తెలియడం ఇష్టంలేనివారు చిత్రం చూసివచ్చి మిగతాది చదువుకోగలరు.

దర్శకుడు హెర్క్ హార్వే. కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో సెంట్రాన్ అనే సంస్థలో, పాఠశాలలకూ పరిశ్రమలకూ పనికివచ్చే లఘుచిత్రాలు తీసేవాడు. ఒకసారి యూటాలో గ్రేట్ సాల్ట్ లేక్ పక్కగా కారులో వెళుతుండగా, పాడుబడిన సాల్టేర్ విహారశాల ఆయన కంటపడింది. కథకు బీజం ఆ భవనమే. సహోద్యోగి జాన్ క్లిఫర్డ్ కథ సమకూర్చాడు. ఖర్చు సుమారు 33 వేల డాలర్లు. చిత్రీకరణ దాదాపు మూడు వారాలు. కథానాయికను వెంటాడే పాలిపోయిన ముఖం కూడా దర్శకుడిదే. ఆయన తీసిన పూర్తి నిడివి కథాచిత్రం ఇదొక్కటే. విడుదలైనప్పుడు ఆదరణ లేదు. తరువాత టీవీ ప్రసారాల ద్వారా మెల్లగా అభిమానులను కూడగట్టుకుని, 1989లో మళ్ళీ థియేటర్లకు వచ్చింది.

కథ చిన్నది. ముగ్గురు యువతులున్న కారు వంతెన మీదనుంచి నదిలో పడిపోతుంది. కొన్ని గంటల తరువాత మేరీ అనే ఆమె ఒక్కతే, ఒళ్ళంతా బురదతో బయటికి వస్తుంది. చర్చిలో ఆర్గాన్ వాయించే ఉద్యోగం కోసం యూటాకు బయలుదేరుతుంది. దారిలో కారు అద్దంలో ఆ ముఖం కనిపిస్తుంది. ఆపైన విడిచిపెట్టదు.

లోపాలు వెతకనక్కర లేదు, వాటంతటవే కనబడతాయి. కొన్నిచోట్ల మాట పెదవులకు అతకదు. ప్రేతాల అలంకరణంతా ముఖాన తెల్లరంగు, కళ్ళచుట్టూ నలుపు. అయినా నన్ను కట్టిపడేసే సన్నివేశం ఒకటుంది. మేరీ ఒక దుకాణంలో గౌను వేసి చూసుకుంటుంది. ఉన్నట్టుండి లోకపు సద్దంతా ఆగిపోతుంది. అమ్మకపు పిల్లను పలకరిస్తుంది, ఆమె చూడదు. వీధిలోకి వస్తుంది, ఎవరూ తలతిప్పరు. కోరలూ నెత్తురూ ఏమీ లేవు. శబ్దం తీసివేశారు, అంతే. డబ్బులేని దర్శకుడికి అందుబాటులో ఉన్నది నిశ్శబ్దం. దానికి ఖర్చు లేదు.

ఆ సన్నివేశాన్ని మొదటిసారి చూసిన రాత్రి నేను చిత్రాన్ని ఆపివేసి లేచాను. అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు.

చివరి నాలుగేళ్ళూ అమ్మకు వినికిడి దాదాపు పోయింది. పండక్కి అందరమూ చేరి నడవాలో నవ్వుకుంటుంటే మధ్యలో కూర్చుని ఒక్కొక్కరి ముఖమే చూసేది. మేము నవ్వితే ఒక్క క్షణం ఆలస్యంగా తానూ నవ్వేది. "ఏమంటున్నార్రా?" అని అడిగేది. "ఏం లేదులే అమ్మా" అనేవాణ్ణి. మళ్ళీ మొదటినుంచి అరిచి చెప్పే ఓపిక లేక అన్నమాట అది. కొన్నాళ్ళకు అడగడం మానుకుంది. మాకు హాయిగానే ఉండేదని ఒప్పుకోవాలి.

దుకాణంలో మేరీ ముఖం చూసినప్పుడు, ఆలస్యంగా నవ్విన ఆ ముఖమే కనిపించింది.

చివరికి నదిలోనుంచి కారును బయటికి లాగుతారు. లోపల మిగతా ఇద్దరితోపాటు మేరీ శవమూ ఉంటుంది. ఆమె మాట ఎవరికీ వినబడకపోవడానికి ఆ కథలో కారణం దొరికింది. అమ్మ విషయంలో ఆ కారణం చెప్పుకునే వీలు నాకు లేదు. ఆమె మా మధ్యనే, బతికే ఉంది.

మొదటిసారి ఆ నిశ్శబ్దం విడిపోయేది పార్కులో ఒక పిట్ట కూతతో. ఎన్నిసార్లు చూసినా ఆ కూత కోసం ఎదురుచూస్తాను. అమ్మ పక్కన చేరి, చెవిదగ్గర నిదానంగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజుకు సరిపోయేది. దానికీ ఖర్చు లేదు.