శంకరాభరణ పాఠము

మా కామారెడ్డిలో ఒక పాఠశాలయందు నేను వారమునకు మూడు సాయంకాలములు బాలికలకు ఫిడేలు నేర్పుచున్నాను. నిరుడు నా యొద్ద తొమ్మండుగురు పిల్లలుండిరి. అందరును ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువువారే. జనవరి 26వ తేదీన జాతీయగీతమును పిల్లలందరు కలిసి ఫిడేళ్లపై వాయింపవలెనని ప్రధానోపాధ్యాయినిగారు కోరిరి. ఆ గీతము పూర్తిగా సాగుటకు సుమారు 52 సెకనులు చాలును. ఆ కొద్దిపాటి కాలము నాకు నేర్పిన పాఠమును సోదరీమణులకు విన్నవింపవలెనని ఇది వ్రాయుచున్నాను.

సరళీస్వరములను మాయామాళవగౌళలో ప్రారంభించుట మన సంప్రదాయము. పురందరదాసులవారు ఏర్పరచిన మార్గమని పెద్దలు చెప్పుదురు. నేను శంకరాభరణముతో మొదలుపెట్టితినని విని మా అత్తమ్మ, “ఇదేమి కొత్త పద్ధతి? పునాది మార్చిన ఇల్లు నిలుచునా?” అని నన్ను మందలించినది. కాని జనగణమన చాలవరకు శంకరాభరణ స్వరములలోనే నడచును. ఈ స్వరక్రమమునే పాశ్చాత్యులు మేజరు స్కేలందురు. మన షడ్జము శ్రుతిపెట్టెతో కదలక నిలిచియుండగా, వారు అదే క్రమమును పండ్రెండు స్థానములనుండియు ఎత్తికొని వాయింతురు. ఫిడేలు ఆ దేశములనుండి వచ్చినదే. దానిని మన సంగీతమునకు అలవరచిన బాలస్వామి దీక్షితులకు అన్నయగు ముత్తుస్వామి దీక్షితులు, పాశ్చాత్యపు మెట్లకు శంకరాభరణములో నొట్టుస్వర సాహిత్యములు రచించియుండిరి.

జాతీయగీతపు స్వరలిపికిని మన తెలుగునేలకును సంబంధము కలదని చెప్పగా పిల్లలు ఆశ్చర్యపడిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లె బిసెంటు కళాశాలలో బసచేసినపుడు ఈ గీతమును పాడిరి. అచటనే మార్గరెట్ కజిన్స్ అను ఐర్లండు వనిత దాని బాణీని స్వరపరచి కాగితముపై నిలిపెను. ఆమె సంగీతమున పట్టభద్రురాలు. 1917లో మద్రాసున వెలసిన స్త్రీల భారత సంఘమును నెలకొల్పినవారిలో ఒకరు. అత్తమ్మ ఇదంతయు విని, “అట్లయిన కానీ” అని ఊరకుండెను.

పాఠము చూచుటకు సులభము. ఫిడేలుపై ఒక తంత్రి షడ్జమునకు, దాని ప్రక్కది పంచమమునకు శ్రుతిచేయుదుము. వ్రేలు మోపని తంత్రి స, చూపుడువ్రేలు రి, నడిమివ్రేలు గ, ఉంగరపువ్రేలు మ. ప్రక్క తంత్రిపై అవే వ్రేళ్లు అదే వరుసలో ప ద ని స పలికించును. గ-మలకును, ని-సలకును మాత్రము నడుమ దూరము సగమే. కనుక అచట రెండు వ్రేళ్లు ఒకదాని నొకటి తాకునంత దగ్గరగా నిలువవలెను. వీణకు మెట్లున్నవి; ఫిడేలుకు లేవు. చెవియే మెట్టు. ఒక్కరు వాయించునపుడు వెండ్రుకవాసి తప్పు దాగును. తొమ్మండుగురు కూడినపుడు అది బియ్యములో రాయివలె పంటికి తగులును.

ఆ రాయి ఆరవ తరగతి చదువు ఒక చిన్నదాని ఫిడేలునుండి వచ్చుచుండెను. ఆమె గాంధారము ఎప్పుడును దిగిపోవుచుండెను. “విను, విను!” అని పదిమందిలో గద్దించితిని. ఉత్సవమునకు పదునైదు దినములున్నవనగా నాకు భయము పుట్టినది. ఆమెను ప్రక్కకు పిలిచి, “ఆనాడు నీవు కమాను ఊరక త్రిప్పుము, తంత్రికి తగులనీయకుము,” అంటిని. ఆమె తల వంచుకొని సరేయన్నది. ఆ మాట యెంత క్రూరమైనదో అప్పుడు నాకు తోచలేదు. నాటినుండి ఆ బిడ్డ దినదినము వచ్చి, అందరితో కూర్చుండి, చప్పుడు లేని కమాను త్రిప్పుచుండెను.

ఒక సాయంకాలము అందరు వెళ్లినపిదప నేను బిరడాలు సవరించుచుంటిని. చాపలు చుట్టుచు ఎవరో మెల్లగా శంకరాభరణ స్వరములను పాడుకొనుచున్నారు. గాంధారము దీపమువలె నిలిచినది. చూతును గదా, ఆ చిన్నదే!

“ఇంత బాగుగా పాడుచున్నావు, వాయింపునపుడేమైనది?” అంటిని.

“పాటల వస్తది టీచరమ్మా. ఫిడేలు మీద వేలు అందుతలేదు,” అన్నది.

ఆమె చేతిని నా చేతిపై పెట్టి చూచితిని. నా అరచేతిలో సగమున్నది. నేను ఆమెకిచ్చినది పెద్దవారు వాయించు నిండు ఫిడేలు. నడిమివ్రేలు ఎంత చాచినను గాంధారపు చోటు చేరదు. తప్పు చెవిది కాదు, చేతిది కాదు. కొలత చూడక వాయిద్యమిచ్చిన నాది. తల్లి బీడీలు చుట్టుచు పాడుకొను బతుకమ్మ పాటలు వినుచు పెరిగిన చెవికి నేను “విను” అని బుద్ధి చెప్పితిని!

పిల్లలకు ముప్పాతిక, అర, పావు కొలతల ఫిడేళ్లు కలవని నాకు తెలియనిది కాదు, వెదకుటకు బద్ధకించితిని. మరునాడే హైదరాబాదు పోయి, నేను దాచుకొనిన సొమ్ముతో ముప్పాతిక ఫిడేలొకటి తెచ్చితిని. వారము తిరుగకముందే గాంధారము తన చోట నిలిచెను. అంతకంటె కష్టమైన పని యొకటి మిగిలెను. ఏ పదిమందిలో గద్దించితినో ఆ పదిమందిలోనే, “తప్పు నాది, తల్లీ” అని చెప్పితిని. నా కంఠము తడబడెను. “ఏం కాదు టీచరమ్మా,” అని ఆమెయే నన్ను ఓదార్చెను.

ఆనాడు జెండా క్రింద తొమ్మిది కమానులును తంత్రులపై నడచినవి. నడుమ ఒకతె తొందరపడెను. తక్కినవారు ఆమెను విని సర్దుకొనిరి. వెనుక వరుసలో కూర్చున్న ఆ చిన్నదాని తల్లి కొంగుతో కన్నులొత్తుకొనుట చూచితిని. తన బిడ్డను నేను పదునైదు దినములు మూగదానిని చేయదలచితినని ఆమెకు తెలియదు, నాకు తెలియును.

సోదరీమణులారా! పెద్దరోకలి చేతికిచ్చి బిడ్డకు దంపుట రాదని మన యిండ్లలో ఎన్నిమార్లు అనుచుందుము! బిడ్డ తప్పినపుడు ముందుగా చేతిలోనిదేమో చూడుడు. పిదప చేతిని చూడుడు. గద్దించుట అటుతరువాత. అప్పటికి దాని అవసరమే యుండదేమో.