మన సముద్రంలో పొద్దు కుంకదు

తెనాలిలో నాది డిజైనింగ్ పని. బాపట్ల, రేపల్లె స్టూడియోల వాళ్ళు ఫొటోలు పంపిస్తారు. పెళ్ళి ఆల్బమ్‌లు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, వర్ధంతి పటాలు... ఒకచోట కోసి ఇంకోచోట అతికించడమే నా బతుకుతెరువు.

కొత్తలో ఒక బాపట్ల పెళ్ళి ఆల్బమ్‌కి సూర్యలంక బీచ్ పెట్టమన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన సముద్రాన్ని 12 బై 36 షీటు నిండా పరిచి, నీళ్ళలోకి దిగుతున్న ఎర్రటి సూర్యుడి ముందు జంటను నిలబెట్టాను. పెళ్ళికొడుకు తాత వేటకెళ్ళే మనిషి. చూసి నవ్వాడు.

"మన సముద్రంలో పొద్దు పొడుసుద్ది గానీ, కుంకుద్దంటయ్యా?"

ఆ షీటు నా డబ్బుతోనే మళ్ళీ ప్రింటు వేయించాను.

అప్పట్నుంచీ ముందు చూసేది వెలుగునే. పెన్ టూల్‌తో జుట్టు చివర దాకా శుభ్రంగా కోయడం నెల రోజుల్లో వస్తుంది. ముక్కు నీడ ఎటు పడింది, ఎండ పొద్దుటిదా మధ్యాహ్నానిదా, కాళ్ళ కింద నీడ ఎంత నల్లగా ఉంది... ఇవి కుదరకపోతే మనిషి నేల మీద నిలబడడు, గాల్లో తేలతాడు. పాత ఫొటోలో గరుకు ఉంటే, కొత్తదానికీ అంత గరుకు కలపాలి.

నాకు పని నేర్పిన పెద్దాయన నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసిన తరం మనిషి. ఫొటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో. "మన చక్రపాణి గారి విజయా వాళ్ళు 1957లోనే మాయాబజార్ తీశారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ దగ్గర ఏ కంప్యూటరుందిరా?" అనేవాడు.

ఒకసారి రేపల్లె వైపు నుంచి ఒక పెద్దావిడ మనవడితో వచ్చింది. పురిటికి పుట్టింట్లో ఉండగా 1977 నవంబరు 19 ఉప్పెనలో భర్త పోయాడట. ఆవిడ అన్న పెళ్ళిలో తీసిన గుంపు ఫొటోలో, మూడో వరసలో ఉన్నాడు. పాతికేళ్ళ కుర్రాడు. ఎడమ భుజానికి ఎవరిదో తల అడ్డం. పక్కన తనను పెట్టమంది.

స్కాన్ చేసి, స్టూడియోలో దిగిన ఆవిడ ఫొటో పక్కన చేర్చాను. వయసులు మరీ ఎడంగా కనిపించాయి. నా తెలివికొద్దీ ఆయన జుట్టు నెరిపించి, నుదుటి మీద ముడతలు వేశాను.

ఆవిడ చాలాసేపు చూసింది. "ఈయనెవరయ్యా? ఆయనకి ముసలితనం ఎప్పుడొచ్చింది?" అంది.

ముడతలన్నీ తీసేశాను. అయినా ఏదో కుదరలేదు. చూస్తే, ఆయనది మిట్టమధ్యాహ్నం పందిట్లో తీసిన ఫొటో, కళ్ళ కింద నీడలు. ఆవిడ ముఖం మీద స్టూడియో లైట్లు. ఒంటిగంటకు ఆవిణ్ణి షాపు ముందు పట్టా నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఫొటో తీశాను. లేని భుజానికి మనవణ్ణి పక్కన నిలబెట్టి, అతని భుజం తీసుకున్నాను. కొలత సరిపోయింది.

పటంలో ఆయనకి పాతికేళ్ళే, ఆవిడకి డెబ్భై. ఇద్దరి మీదా ఒకటే ఎండ.