చింతపిక్కల రమ్మీ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము 5వ నెంబరు గది వాళ్ళం ఆరుగురం ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం. కష్టపడి చదువుకున్న సంగతి రాద్దామని ఒకరన్నారు. నీళ్ళచారు గురించి, ఆదివారం కోడికూర గురించి రాద్దామని ఇంకొకరన్నారు. అవన్నీ ప్రతి సంచికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చివరికి ఇంతవరకు ఎవరూ రాయనిది రాద్దామనుకున్నాం. అది పేకాట. మొదట నవ్వు వస్తుంది, నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి.

2003లో మేము తొమ్మిదో తరగతి. ఆరుగురం, ఆరు ట్రంకుపెట్టెలు, ఒక కిటికీ. వానాకాలంలో కరెంటు పోతే స్టడీ అవర్ అక్కడితో ఆగిపోయేది. అలాంటి ఒక రాత్రి మాలో ఒకడు పెట్టె అడుగు నుంచి రెండు పాత పేకలు తీశాడు. వాళ్ళ ఊరి రచ్చబండ దగ్గర పెద్దవాళ్ళు ఆడి ఆడి పారేసినవి. అన్నీ ఉన్నాయి గానీ కళావరు తొమ్మిది ఒకటి లేదు. లాంగ్ నోట్‌బుక్ అట్ట కత్తిరించి, పెన్నుతో తొమ్మిది వేసి కలిపేశాం. వెనకవైపు అట్టరంగు కనబడుతుంది కాబట్టి అది ఎవరి చేతిలో ఉందో గదంతటికీ తెలిసిపోయేది. దానికి ‘అట్ట తొమ్మిది’ అని పేరు పెట్టాం.

పేక తెచ్చినవాడే మాకు ఆట నేర్పాడు. అప్పటినుంచి వాణ్ణి ‘గురువు’ అనే పిలిచాం. ఇక్కడా అలాగే పిలుస్తాం.

పందెం చింతపిక్కలు. వంటగదిలో చారుకు పిసికి పారేసిన పిక్కలను కడిగి ఎండబెట్టుకున్నాం. తలకి 100 పిక్కలు, ఆటకి 10. ఆరుగురివి కలిపి 60. గెలిచినవాడికి ఆ 60.

తెలియనివాళ్ళ కోసం ఆట చెబుతాం. ఇది పదమూడు ముక్కల రమ్మీ. రెండు పేకలు, రెండు జోకర్లతో కలిపి 106 ముక్కలు. మనిషికి 13 పంచాలి. ఒక ముక్క వెల్లకిలా తెరిచి పెట్టాలి. ఇంకో ముక్క తీసి, ఆ అంకె ముక్కలన్నీ ఆ ఆటకు జోకర్లు అనుకోవాలి. ఏడు పడితే మిగిలిన ఏడు ఏడులూ, అచ్చు జోకర్లు రెండూ కలిసి మొత్తం 9 జోకర్లు. ఎవరి వంతుకు వాళ్ళు ఒక ముక్క ఎత్తి ఒక ముక్క పారేయాలి. పదమూడింటినీ వరసలుగా, సెట్లుగా కలిపినవాడు షో చెబుతాడు. ఒకే రంగులో వరసగా మూడో నాలుగో వస్తే అది వరస. ఒకే అంకె వేరువేరు రంగుల్లో వస్తే సెట్టు. కనీసం రెండు వరసలుండాలి. వాటిలో ఒకటి జోకరు సాయం లేకుండా కుదిరినది కావాలి. దాన్నే ‘లైఫ్’ అంటారు. లైఫ్ లేకుండా ఇంకెన్ని సెట్లు ఉన్నా దండగే.

ఇక లెక్క. ఆసు, రాజు, రాణి, జాకీ తలో 10. మిగతావి వాటి అంకెంత. జోకరుకు సున్నా. పక్కవాడు షో చెప్పేసరికి మన దగ్గర లైఫ్ లేకపోతే చేతిలో ఉన్నవన్నీ లెక్కలోకి వస్తాయి, ఎంత వచ్చినా 80 దాటదు. తప్పు షో చెప్పినా 80. ముక్కలు చూసి ఒక్కటీ ఎత్తకముందే పడేస్తే 20. దీన్ని డ్రాప్ అంటారు. ఆట మధ్యలో పడేస్తే 40. మొత్తం 101కి చేరినవాడు అవుట్. చివరికి మిగిలినవాడిదే గెలుపు.

గురువు చెప్పిన కిటుకులు మాకు ఇప్పటికీ గుర్తే. మొదటిది, లైఫ్ చూసుకున్నాకే మిగతావి చూడు. రెండోది, ముక్కలు ఊరికే దాచుకోకు, అది కలవడానికి ఎన్ని ముక్కలు మిగిలి ఉన్నాయో లెక్కపెట్టు. ఆఠీను ఐదు, ఆరు ఉంటే నాలుగు వచ్చినా ఏడు వచ్చినా వరస అవుతుంది. రెండు పేకలు కాబట్టి అలాంటివి నాలుగు ముక్కలు. అదే ఐదు, ఏడు ఉంటే ఆరు ఒక్కటే దారి, అవి రెండే. ఇస్పేటు ఏడు, ఇస్పేటు ఎనిమిది, ఆఠీను ఎనిమిది ఉంటే వరసకు నాలుగు, సెట్టుకు నాలుగు, మొత్తం ఎనిమిది దారులు. మూడోది, ఎదుటివాడు ఎత్తుకున్నదీ పారేసిందీ రెండూ మరిచిపోకు. నాలుగోది, రాజు వస్తాడు రాణి వస్తుందని ఎదురుచూస్తూ పెద్ద ముక్కలు మోయకు.

మాలో లెక్కలంటే భయపడే ఇద్దరికి ఈ దారులు లెక్కపెట్టడంతోనే భయం పోయిందంటే నమ్మాలి. వాళ్ళలో ఒకడు ఇప్పుడు గవర్నమెంటు బడిలో లెక్కల మాష్టారు.

ఒక రాత్రి వార్డెన్ సార్ టార్చిలైటుతో వచ్చారు. పిక్కల కుప్పలు, ముక్కలు, మేము. ఎక్కడివక్కడే బిగుసుకుపోయాం. ‘డబ్బులాటరా?’ అన్నారు. ‘కాదు సార్, చింతపిక్కలు’ అన్నాం. సార్ పెట్టె మీద కూర్చొని ‘నాకూ పంచండి’ అన్నారు. వణుకుతూ పంచాం. సార్ పదమూడూ చూశారు, బోర్లా పెట్టేశారు. ‘జోకరు లేదు, ఏ రెండూ అతకలేదు. నాకు ఇరవై రాసుకోండి’ అన్నారు. మేము తెల్లబోయాం. ఆడకుండానే పడేస్తారా? అప్పుడు సార్ చెప్పిన మాట మాకు బాగా గుర్తు. నాలుగుసార్లు డ్రాప్ అయితే ఎంతో, ఒక్క ఫుల్ కౌంటు అంత. ఆడటం అందరికీ వస్తుంది, ఎప్పుడు పడేయాలో తెలిసినవాడే ఆటగాడు. ఆ మాట చెప్పి రెండు పేకలూ జేబులో వేసుకొని వెళ్ళిపోయారు. 2005లో పదో తరగతి వీడ్కోలు రోజున న్యూస్‌పేపర్లో చుట్టి తిరిగి ఇచ్చారు. విప్పి చూస్తే అట్ట తొమ్మిదితో సహా లెక్క సరిపోయింది.

ఇంతవరకే అయితే ఇది నవ్వుకోవలసిన కథ.

తర్వాత ఎవరి దారిన వాళ్ళం పడ్డాం. గురువుకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, ఒక పాప. 2022లో ఒకరోజు మాలో ఒకడికి వాడు ఫోన్ చేసి, పాపకు ఒంట్లో బాగోలేదు, పదివేలు సర్దమన్నాడు. సర్దాడు. నెల తిరిగేసరికి మాలో ఇంకొకడికి అదే ఫోన్. ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. ఒక పెళ్ళిలో నలుగురం కలిసి కూర్చున్నప్పుడు మాట మీద మాట వచ్చి బయటపడింది. అందరి దగ్గరా అదే పాప, అదే జ్వరం, అదే పదివేలు.

ఇద్దరం బయలుదేరి బెంగుళూరు వెళ్ళాం. మమ్మల్ని చూడగానే చెల్లెమ్మ ఏడ్చింది. మెడలో పసుపుతాడు మాత్రమే ఉంది. లాక్‌డౌన్‌లో కాలక్షేపానికని ఫోన్లో మొదలుపెట్టిన రమ్మీ అది. మొదట్లో గెలిచాడు. ఆ తర్వాత జీతం పోయింది, బంగారం పోయింది, లోన్ యాప్‌ల అప్పు మిగిలింది. మాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. మాకందరికీ ఆట నేర్పినవాడు, ముక్క ముక్కా గుర్తుపెట్టుకునేవాడు ఎలా ఓడిపోయాడు?

‘ఇది నైపుణ్యం ఆటేరా, సుప్రీంకోర్టే చెప్పింది’ అని వాడు అప్పటికీ వాదించాడు. చెప్పిన మాట నిజమే. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు అంది. కానీ ఆ తీర్పులోనే, ఆట పేరుతో జూదం నడిపి లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు.

ఆ రాత్రి మేము వాడి ముందు కాగితం పెట్టి లెక్క వేశాం. మన గదిలో ఆరు వందల పిక్కలు. వంద ఆటలాడినా ఆరు వందలే. ఒకడి డబ్బా నుంచి ఇంకొకడి డబ్బాలోకి పోతాయి గానీ గది దాటవు. ఫోన్లో అలా కాదు. ఆరుగురు తలా వంద వేస్తే ఆరు వందలు. ఆడించేవాడు నూటికి పది తీసుకున్నాడనుకో, గెలిచినవాడికి వచ్చేది 540. పది ఆటలకు 600 బయటికి పోయింది. ఆరుగురూ సమానమైన ఆటగాళ్ళయితే సగటున ఒక్కొక్కడూ వంద పోగొట్టుకున్నట్టే. అంటే మిగతావాళ్ళకంటే కొంచెం బాగా ఆడితే చాలదు, ఆడించేవాడి వాటా కూడా దాటేంత బాగా ఆడాలి. పైగా మన గదిలో ఎదుటివాడి ముఖం కనబడేది. పిక్కలైపోతే గంట కొట్టేవాళ్ళు, పడుకునేవాళ్ళం. ఫోన్లో ఒక ఆట అయ్యేలోపే ఇంకో ఆట పిలుస్తుంది. దానికి గంట లేదు, వార్డెన్ లేడు.

వాడు కాగితం వంక చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు, ‘ముక్కలు డ్రాప్ చేయడం నాకు బాగా వచ్చురా. ఫోన్ డ్రాప్ చేయడమే రాలేదు. పోయింది రాబట్టుకుందామనే ప్రతిసారీ కూర్చున్నాను.’

అప్పు ఎంతో ముందు మాకే పూర్తిగా చెప్పలేదు. మూడుసార్లు అడిగితే మూడు అంకెలు చెప్పాడు. చివరికి చెల్లెమ్మే కాగితాలు తెచ్చి ముందు పెట్టింది. ఐదుగురం తలా కొంత వేసుకొని ఎక్కువ వడ్డీవి ముందు తీర్చాం. డబ్బు వాడి చేతికి ఇవ్వలేదు, చెల్లెమ్మ చేత కట్టించాం. వాడికి అది అవమానంగా తోచి ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి మళ్ళీ ఆడాడు కూడా. తర్వాత వాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు మామూలు ఫోన్ వాడుతున్నాడు. అప్పు ఇంకా కొంత ఉంది. ఇదంతా రాయమని మాకు చెప్పింది వాడే. పేరు మాత్రం మేమే రాయలేదు.

తమ్ముళ్ళూ, తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దాని కిందికి వస్తాయి. చట్టం మంచిదే. కానీ దొంగదారిన ఆడించేవాళ్ళు ఉంటూనే ఉంటారు. మనలాంటి ఇళ్ళలో అమ్మానాన్నల కూలి డబ్బు మీద నిలబడ్డ పిల్లవాడికి మొదటి జీతం రాగానే ముందు కనబడేది ఆ రంగురంగుల ముక్కలే. అందుకే చెబుతున్నాం. ఎవరైనా స్నేహితుడు ‘ఎవరికీ చెప్పొద్దు’ అని అప్పు అడిగితే, ముందు మిగతా స్నేహితులకు చెప్పండి. మేము ఆ పని ఏడాది ముందు చేసి ఉంటే చెల్లెమ్మ మెడలో పుస్తెలైనా మిగిలేవి.

పోయిన సంక్రాంతికి ఆరుగురం ఒకచోట కలిశాం. ఆ పాత పేకలు తీశాం. చింతపిక్కలు ఈసారి కొత్తవి. గురువు వద్దంటూనే కూర్చున్నాడు. పదమూడు ముక్కలూ చూసి, బోర్లా పెట్టి, ‘నాకు ఇరవై రాసుకోండి’ అన్నాడు. ఎవరం ఏమీ అనలేదు. ఇరవై రాసుకొని ఆడుతూ కూర్చున్నాం. అట్ట తొమ్మిది నాకంటే నాకని అందరం కొట్టుకున్నాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
5వ నెంబరు గది పాత విద్యార్థులు