కోడలికి, కొడుక్కి, మాస్కో నుంచి

విమానాలున్న ఈ రోజుల్లోనే అరవై తొమ్మిదేళ్ళ మనిషి ఏడాది పాటు ఇల్లు విడిచి తిరగడం కష్టం. 1930లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఓడల మీదా రైళ్ళ మీదా తిరిగారు. మార్చిలో బయలుదేరారు. పారిస్‌లో తన బొమ్మల ప్రదర్శన, ఆక్స్‌ఫర్డ్‌లో హిబ్బర్ట్ ఉపన్యాసాలు, జర్మనీలో ఐన్‌స్టీన్‌తో సంభాషణ, డెన్మార్క్, జెనీవా, సెప్టెంబరులో మాస్కో, ఆపైన ‘బ్రెమెన్’ ఓడలో అమెరికా. తిరిగి మన గడ్డ మీద కాలు పెట్టేసరికి 1931 జనవరి ముగియవచ్చింది. ఒంట్లో ఓపిక లేదు. అయినా కొడుకు రథీంద్రనాథ్‌కు, కోడలు ప్రతిమాదేవికి, శాంతినికేతన్ ఆత్మీయులకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. రష్యా గురించి రాసినవి 1931లో ‘రాశియార్ చిఠి’ పేరుతో బెంగాలీలో పుస్తకంగా వచ్చాయి.

యాత్రా గ్రంథాలు నేను ఇష్టంగానే చదువుతాను. కానీ ఇంటికి రాసిన ఉత్తరం వేరు. పుస్తకం రాసేవాడికి పాఠకుడెవరో తెలియదు. ఉత్తరం రాసేవాడికి మాత్రం దాన్ని చదివే మనిషి ముఖమే కాదు, ఆ ఇంట్లో ఏ అప్పు తీరలేదో, ఏ పని ఆగిపోయిందో కూడా తెలుసు. ఠాగూర్ మాస్కోలో ఏం చూసినా శాంతినికేతన్ బడినీ, పల్లెల కోసం 1922లో మొదలుపెట్టిన శ్రీనికేతన్‌నీ పక్కన పెట్టుకునే చూశారు. ఊరు కళకళలాడుతూ లేదనీ, జనం బట్టలు నాసిగా ఉన్నాయనీ రాశారు. ఆ వెంటనే, కలవారి దర్జా ఎక్కడా కంటబడకపోవడం గమనించి సంతోషపడ్డారు.

పయనీర్ల కమ్యూన్ అని, పిల్లలుండే ఒక చోటికి తీసుకెళ్ళారు. తప్పు చేసినవాణ్ణి మీరేం చేస్తారని పిల్లల్ని అడిగారాయన. మాకు వేరే శిక్షలు లేవు, అందరం కూర్చుని మాట్లాడుకుంటాం, తప్పు చేసినవాడిగా తేలడమే శిక్ష అన్నారు పిల్లలు. అప్పటికి ముప్పై ఏళ్ళుగా బడి నడుపుతున్న పెద్దాయన ఆ జవాబును పూసగుచ్చినట్టు ఇంటికి రాశారు. మరో రోజు రైతుల భవనంలో రైతులతో కూర్చున్నారు. వాళ్ళలో ఒకరు, మీ దేశంలో హిందువులూ ముస్లిములూ ఎందుకు కొట్టుకుంటారని అడిగారు. అంత దూరం వెళ్ళినా మన ఇంటి పుండు గురించే అడిగారు. తన చిన్నతనంలో ఇలాంటిది చూడలేదనీ, చదువు అందితేనే ఇది తగ్గుతుందనీ ఆయన చెప్పారు.

మెచ్చుకున్నారు కదా అని అన్నిటికీ తల ఊపలేదు. చదువును ఒకే అచ్చులో పోస్తున్నారు, మనుషులు అచ్చులో ఇమడరు, ఏదో ఒకనాడు అది పగులుతుందని హెచ్చరించారు. పొగడ్తా అనుమానమూ ఒకే కాగితం మీద పడటం ఇంటి ఉత్తరంలోనే సాధ్యం. ఆ కాగితాలకు ఎంత బరువుందో బ్రిటిష్ సర్కారుకూ తెలిసింది. 1934లో ఒక ఉత్తరం ఇంగ్లీషులో ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో వచ్చాక, మిగిలినవి వేయవద్దని అడ్డుపడింది.

నన్ను పట్టి కుదిపింది వేరే ఉత్తరం. రష్యా దాటి అమెరికా చేరాక, జమీందారీ మీద బతకడం తనకు సిగ్గుగా ఉందని ఇంటికి రాశారు. తరతరాలుగా ఆ ఇంటిని పోషించిన ఆస్తి గురించి, దానికి వారసులైన వాళ్ళకే, ఇంటి పెద్ద రాసిన మాట ఇది. భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఏ తండ్రి అనగలడు? మన ఇళ్ళలో తండ్రీకొడుకుల మాటలు డబ్బు అందిందా, మందులు వేసుకున్నావా అన్న దగ్గరే ఆగిపోతాయి. వేల మైళ్ళ దూరం వెళ్ళాక, చేతిలో కలం ఉంటే, మనసులో ఏళ్ళ తరబడి నానినది బయటికొస్తుంది.

ప్రయాణంలో ఉత్తరాలు రాసే ఈ అలవాటు మనకు కొత్తదేమీ కాదు. సరిగ్గా అంతకు వందేళ్ళ ముందు, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, చూసినదల్లా మిత్రుడు శ్రీనివాస పిళ్ళెకు రాస్తూ పోయారు. అదే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’.

ఇప్పుడు మన అమ్మానాన్నలు ఆరేసి నెలలు డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్తున్నారు. రోజూ వీడియో కాల్ ఉంటుంది, తిన్నారా పడుకున్నారా అన్న మాటలతో అయిపోతుంది. వాళ్ళు చూస్తున్నది మాత్రం చాలా ఉంది. వీధిలో పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగుతుంది, దాని పక్క నుంచి ‘స్టాప్’ అని ఎర్ర పలక విచ్చుకుంటుంది, రోడ్డుకు రెండు వైపులా కార్లు ఆగిపోతాయి, చివరి పిల్ల దిగి ఇంటి వైపు నడిచేదాకా ఎవరూ కదలరు. మన ఊరి బడి ముందు లారీలు దూసుకుపోవడం ఎరిగిన రిటైర్డ్ మాస్టారు కిటికీ దగ్గర నిలబడి అది చూస్తే, ఆయన మనసులో ఏం మెదులుతుంది? వీడియో కాల్‌లో అది చెప్పరు. మనం అడగం కూడా.

అడగండి. మీ పెద్దవాళ్ళు ఈసారి ప్రయాణమైతే సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కనే ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. వారానికో ఉత్తరం రాయమనండి, మీ పేరు మీదే రాయమనండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాయండి.