మూత లేని గిన్నె

పులియబెట్టే విద్యలో గాలిని నమ్మేవారిని చూడాలంటే బెల్జియం వెళ్ళాలి. బ్రస్సెల్సులో 1900లో వెలసిన కాంటియోన్ బీరుశాల ఒకటుంది. మొలకెత్తించిన బార్లీ, పచ్చి గోధుమలు వేడినీళ్ళలో కలిపి తీసిన తియ్యటి కషాయాన్ని హాప్స్ పువ్వులతో మరిగించి, చలిరాత్రి వెడల్పాటి తొట్టెలో మూత లేకుండా వదిలేస్తారు. ఈస్టు కలపరు. గాలిలో ఉన్నదే వచ్చి పడుతుంది. పురుగుల్ని పడతాయని సాలెగూళ్ళు కూడా దులపరు. మా ఆవిడైతే చీపురు అందుకునేది!

లూవెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికి అంత ధైర్యం లేదు. ఇంట్లో చేసుకునే బీరులో ఈస్టు తనే కలుపుతాడు. మూత మాత్రం పెట్టడు. పలచని గుడ్డ కప్పుతాడు. అలా అయితేనే పండ్ల వాసన బాగా వస్తుందని వాడి నమ్మకం. మర్నాటికి నురుగు దిబ్బలా లేస్తుంది. ఆ నురుగూ, అడుగునుంచి పుట్టే బొగ్గుపులుసు వాయువూ పైగాలిని దగ్గరికి రానివ్వవు. నురుగు అణిగిందా, వెంటనే మూతగల పాత్రలోకి మార్చాలి. లేకపోతే గాలి తగిలి పాడవుతుంది.

నేనక్కడ ఉండగానే, ఫోనులో ఆ గిన్నె అమ్మ కంట పడింది.

“ఏమిట్రా చిన్నాడా అది?”

“పులియబెట్టానమ్మా.”

“మూత బిగించకు. మా అత్తగారు తరవాణి కుండకు గుడ్డే కట్టేవారు.”

తాగుడు మూలంగా తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆవిడ. తమ్ముడు నా మొహం చూశాడు.

“సంక్రాంతికి వస్తావుగా, నువ్వే చెప్పు,” అన్నాను తరవాత.

“చెబుతాలే అన్నయ్యా,” అని గుడ్డ ఎత్తి చూశాడు. నురుగు ఇంకా అణగలేదు.