అద్దాల మేడల నడుమ అమ్మవారి బోనం

హైటెక్ సిటీలో కాపురమంటే పదో అంతస్తులో ఫ్లాటు, కింద కార్ల బారులు, ఎదురుగా అద్దాల మేడలు... అంతేననుకుంటున్నారా? ఆషాఢంలో ఓ ఆదివారం లిఫ్టు దిగి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పాత సందుల్లోకి నడిచి చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఇవన్నీ బండరాళ్ల మధ్య పల్లెలే. పొలాలు పోయాయి గానీ పోచమ్మ, మైసమ్మ గుళ్లు మాత్రం పోలేదు.

తొలి బోనం పక్కనే ఉన్న గోల్కొండ కోటలో జగదాంబకు. తరువాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆపైన లాల్ దర్వాజాలో. మిగతా బస్తీలకు ఎవరి ఆదివారం వారిది. కొన్నిచోట్ల శ్రావణం కూడా వచ్చేస్తుంది. మీ గల్లీ వంతు ఎప్పుడో కూరగాయలమ్మే ఆవిడను అడగండి, ఠక్కున చెబుతుంది. 2014లో దీన్ని రాష్ట్ర పండుగ చేశారు.

ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికొస్తుందని ఇక్కడి వాళ్ల నమ్మకం. కొత్తకోడళ్లు పుట్టింటికెళ్లేదీ ఆ నెలలోనే కదూ! వచ్చిన ఆడపిల్లకు పెట్టే భోజనమే బోనం. కొత్త కుండకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, లోపల బెల్లం పరవాన్నమో పసుపన్నమో పెడతారు. పైన మూత, దానిమీద దీపం. గ్యాసు పొయ్యి మీద కొత్త కుండ పెడితే పగలొచ్చు; గిన్నెలో వండి కుండలోకి తీయండి. తలమీద చుట్టకుదురు మరవద్దు. దీపం నూనె కారుతుంది, ఖరీదైన పట్టుచీర బీరువాలోనే ఉండనివ్వండి!

మనలో చాలామంది బాల్కనీలోంచి ఫోటో తీసుకుని లోపలికి వెళ్లిపోతాం. బోనమెత్తిన వాళ్లలో మన వాచ్‌మన్ భార్య ఉంటుంది, మనింట్లో అంట్లు తోమే అమ్మాయి ఉంటుంది. నిరుడు వాళ్లలో ఒకామె నన్ను, "అక్కా, మీరు బోనం ఎత్తకున్నా సరే, గేటు కాడ నీళ్లన్న పొయ్యిరాదూ!" అంది. బోనమెత్తిన స్త్రీని అమ్మవారి రూపంగా ఎంచి, పాదాల మీద నీళ్లు పోసి శాంతింపజేయడం ఆచారం. బిందెడు నీళ్లు, ఒక చెంబు చాలు. ఏ ఊరినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డా మీరు పోయొచ్చు, ఎవరూ కాదనరు. ఏడాది పొడుగునా మనకు పనిచేసే కాళ్లు అవి. ఆ ఒక్కరోజు మనం వంగి నీళ్లు పోస్తే ఆ అమ్మాయి ముఖం ఎలా వెలుగుతుందో చూడాలి!

సాయంత్రం తొట్టెలలు, ఫలహారం బళ్లు కదులుతాయి. ముందు అమ్మవారి తమ్ముడు పోతురాజు, ఒంటినిండా పసుపుతో, కొరడా ఝళిపిస్తూ. పసిపిల్లలు డప్పుల మోతకు జడుసుకుంటారు; చంకనెత్తుకుని కాస్త ఎడంగా నిలబడండి.